మనవడి విమానం నూనె, మన సాంచాల ఇల్లు



ఈ నెల కండెల మిషన్ల గురించి రాద్దామనుకున్న. కాని మా ఇంట్లనే ఒక సంగతి జరిగింది. అది చెప్పకుండ వేరే ముచ్చట రాయబుద్ధి కాలేదు. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగనే ఉన్నది. అయినా నా సిగ్గు వల్ల మీ ఇల్లు బాగుంటదంటే అంతకంటే ఏం కావాలె?

మా బిడ్డ కొడుకు పుణెలో ఇంజనీరింగు చదువుతున్నడు, రెండో సంవత్సరం. వాళ్ల కాలేజీల చిన్న విమానాలు చేసి ఎగరేసే పిల్లలు ఒక జట్టు ఉన్నరట. సెలవులకు హుతాత్మా ఎక్స్‌ప్రెస్ దిగి రాత్రి ఇంటికి వచ్చిండు. చేతిల పొడుగాటి అట్టపెట్టె, వీపున సంచి. పెట్టె విప్పి చూపిస్తే మూరెడు మూరెడు రెక్కలు, బాల్సా అనే తేలిక కట్టెతో చేసినవి. ముందల నిమ్మకాయంత ఇంజను. మా ఇంటామె చూసి, "ఇంత చిన్నది ఎట్ల ఎగురుతది బిడ్డా" అన్నది. వాడు నవ్విండు. మేమందరం సంబరపడ్డం. నాలుగో తరగతి చదివిన తాతకు విమానం చేసే మనవడు పుట్టిండు మరి.

మా ఇల్లు మీ ఇండ్ల లాంటిదే. కింద నాలుగు సాంచాలు, మీద మేముండే రెండు అర్రలు. మీదికి మెట్లు కార్ఖానా లోపలి నుంచే. పొద్దుగాల ఆరు గంటలకు మా కొడుకు కిందికి దిగిండు సాంచాలు నడపడానికి. నేను వెనక దిగిన. నాకు ముక్కుకు ఏదో వాసన తగిలింది. సన్నగ, దవాఖానాల సూది వేసేముందు తుడిచే స్పిరిటు వాసన లాంటిది. కిందికి చూసిన. స్టార్టరు బోర్డు కింద, గోడ మూలకు, ఒక ప్లాస్టిక్ క్యాను. దాని చుట్టూ నేల తడిగ ఉన్నది. మా కొడుకు చెయ్యి పచ్చ బటను మీద ఉన్నది.

"ముట్టకు! చెయ్యి తీయ్!" అని అరిచిన. నా గొంతు అంత లేస్తదని నాకే తెల్వదు. వాడు భయపడి చెయ్యి తీసిండు. షట్టరు మొత్తం ఎత్తినం. మీదున్నోళ్లందరినీ కిందికి దింపి బయటికి పంపినం. మా మెయిన్ స్విచ్చు వీధి వైపు బయట ఉన్నది, అదొక అదృష్టం. అది బంద్ చేసి గంటన్నర సేపు లోపలికి ఎవ్వరినీ పోనియ్యలేదు.

మనవడు కండ్లు నలుపుకుంట వచ్చి, "తాతా, అక్కడ చల్లగ ఉంటదని పెట్టిన" అన్నడు. వాని తప్పు అంతే. ఎండ తగలని జాగ చూసిండు. మూత సగమే బిగిసింది. స్టార్టరు లోపల ఏం జరుగుతదో వానికి ఎవ్వరూ చెప్పలేదు. ముప్పై ఏండ్లు సాంచాల మధ్య ఉన్న నేను కూడా చెప్పలేదు. ఆ తప్పు నాది.

నేను మిల్లుల చేరిన కొత్తల ఒక సంగతి చూసిన. నా పక్క మగ్గం నడిపే సాతీ ఒకడు, చేతి వేళ్లతో పోగు అతికితే ముడి ఎక్కడుందో కనపడకపోయేది. మిషను పండ్ల చక్రాలకు పట్టిన మడ్డి కడగడానికి తంబాకు డబ్బాల ఇంత పెట్రోలు తెచ్చుకున్నడు. అందరం అట్లనే చేసేటోళ్లం. పక్కన మోటరు ఆగి ఉన్నది. ఎవరో బటను ఒత్తిండ్రు. డబ్బాకు మోటరుకు నడుమ ఇద్దరు మనుషులు నిలబడేంత జాగ ఉన్నది. అయినా మంట నేల మీద పాకి వచ్చి డబ్బాల పడ్డది. ఆయన కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. బతికిండు. కాని ఆ వేళ్లు మళ్ల పోగు అతకలేదు. ఆ తర్వాత ఆయన గేటు దగ్గర కూసునే పనికి మారిండు. పొద్దుగాల బటను మీద కొడుకు చెయ్యి చూసినప్పుడు నాకు ఆ చెయ్యే కండ్ల ముందట కనబడ్డది.

ఇగ అసలు సంగతికి వస్త. ఆ క్యాను మీద రాసినదంతా మనవనితో చదివించుకున్న. వాడు చెప్పింది, నాకు పనిల తెలిసింది కలిపి రాస్తున్న.

ఆ విమానం నూనె ఎక్కువ భాగం మిథనాల్. దాంట్ల ఐదో వంతు దాకా ఇంజను అరగకుండ ఆముదం గాని వేరే నూనె గాని కలుపుతరు. బలం రావడానికి కొంచెం నైట్రోమీథేన్ అనే ఇంకో మందు కలుపుతరు. ఇంజనుకు ప్లగ్గు ఉంటది. దాంట్ల ప్లాటినం తీగె. మొదలు పెట్టేటప్పుడు ఒకటిన్నర వోల్టుల చిన్న బ్యాటరీ పెట్టి ఆ తీగెను ఎర్రగ చేస్తరు. ఇంజను నడిచినంక బ్యాటరీ తీసేస్తరు, తీగె దానంతట అదే ఎర్రగ ఉంటది. అంటే ఆటకు నూనె, బ్యాటరీ రెండూ పక్కపక్కన ఉండవలసిందే. మా వాడు రెండింటినీ ఒకే సంచిల పెట్టి తెచ్చిండు. బ్యాటరీ కొసలకు ఒక తాళం చెవి గాని ఇనుప ముక్క గాని తగిలితే చాలు, వేడెక్కి రవ్వ లేస్తది.

మనం గుర్తుపెట్టుకోవలసిన మొదటి మాట ఇది. కాలేది నూనె కాదు, నూనె మీద లేచే ఆవిరి. మిథనాల్‌కు 11, 12 డిగ్రీల వేడి చాలు, అంటుకునేంత ఆవిరి లేస్తది. మన సోలాపూర్ల చలికాలం పగలు కూడా అంతకంటే వేడిగనే ఉంటది. పెట్రోలు ఇంకా అన్యాయం, మంచు గడ్డ కంటే చల్లగ ఉన్నా దాని ఆవిరి అంటుకుంటది. కిరసనాయిలుకు దాదాపు 35 డిగ్రీలు దాటాలె. "మరి కిరసనాయిలుకు భయం లేదు" అనకుండ్రి. మే నెలల మన రేకుల కార్ఖానాల ఎంత వేడి ఉంటదో మీకు నేను చెప్పాల్నా?

రెండో మాట. ఈ ఆవిరి గాలి కంటే బరువు. మిథనాల్‌ది కొంచెం బరువు, పెట్రోలుది మూడు నాలుగింతల బరువు. అందుకని నేల మీద పాకుతది, గుంతలల్ల నిలుస్తది. మన సాంచా మోటరు ఎక్కడుంటది? నేలకు జానెడు ఎత్తుల. సాతీ చెయ్యి ఎట్ల కాలిందో ఇప్పుడు తెలిసింది గదా.

మూడో మాట, కరెంటు సామాను గురించి. స్టార్టరుల బటను ఒత్తినప్పుడు లోపల రెండు పలకలు కలుస్తయి, విడిచినప్పుడు విడిపోతయి. రెండు సార్లు రవ్వ లేస్తది. మన ఇంటి స్విచ్చుల కూడా అంతే, వేసినా తీసినా రవ్వనే. కండెల మిషనుకు పెట్టే సింగిల్ ఫేజు మోటర్ల లోపల కూడా ఒక స్విచ్చు ఉంటది, మోటరు అందుకున్నప్పుడు, ఆగినప్పుడు దానంతట అదే కొట్టుకుంటది. బయటికి కనపడదు. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ అనే గ్యాసు వస్తది, అది కూడా అంటుకునేదే. ఇంకా మన దగ్గర నూలు దుమ్ము. బోర్డు మీద, మోటరు మీద, దూలాల మీద. నిప్పు ఒక్కసారి దానికి అందితే షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి ఎంతో సేపు పట్టదు.

2025 మే నెలల అక్కలకోట్ రోడ్డు ఎం.ఐ.డి.సి.ల టవల్ కార్ఖానా కాలి ఎనిమిది మంది పోయిన సంగతి మీరు మరిచిపోలేదు. పసిపిల్లవాడు కూడా పోయిండు. వాళ్లు అక్కడనే ఉండేటోళ్లు, మన లాగనే. కింద పని, అక్కడనే నిద్ర. ఇట్లాంటి ఇండ్లల్ల నిప్పు పుడితే మెట్ల నుంచి దిగే తోవ ఉండదు. అందుకే ఇంత గట్టిగ చెప్తున్న.

ఇగ ఏం చెయ్యాలె? మేము ఇంట్ల చేసుకున్న కట్టుబాట్లు రాస్తున్న. విమానం నూనెకే కాదు, బండి కోసం తెచ్చిన పెట్రోలుకు, రంగుల థిన్నరుకు, మరకలు తీసే మందుకు కూడా ఇవే.

అంటుకునే నూనె ఏదీ సాంచాలున్న కప్పు కింద పెట్టొద్దు. మెట్ల కింద అసలే వద్దు. వంటింట్ల, దేవుని దీపం దగ్గర, ఇన్వర్టరు దగ్గర, ఫ్రిజ్జు వెనక వద్దు. బయట, నీడల, గాలి ఆడే జాగల, పిల్లలకు అందకుండ తాళం ఉన్న పెట్టెల పెట్టాలె. ఆ పెట్టె పక్కన ప్లగ్గు గాని మీటరు గాని ఉండొద్దు. అట్లాంటి జాగ మీ ఇంట్ల లేకుంటే ఆ నూనె మీ ఇంటికి రావద్దు. అంతే.

వచ్చిన క్యానులనే ఉంచాలె, దాని మీది కాగితం చింపొద్దు. మూత గట్టిగ బిగించి చేత్తో మళ్ల ఒకసారి చూడాలె. దీనికి ఇంకో లాభం ఉన్నది. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటది. మూత వదులుంటే నూనె నీరుగారి ఇంజను సరిగ నడవదు. ఈ మాట చెప్తే పిల్లలు తొందరగ వింటరు, వాళ్లకు ఇంజను మీద ప్రేమ ఎక్కువ.

నీళ్ల బాటిల్ల, సోడా సీసాల పొయ్యొద్దు. ఇది అన్నిటికంటే పెద్ద మాట. ఆ పొద్దున మా తమ్ముడు వచ్చి వాసన చూసి, "అన్నా, ఇది స్పిరిటే గదా, తాగచ్చునా" అని నవ్వుకుంట అడిగిండు. నాకు నవ్వు రాలేదు. 2015ల ముంబైల మాల్వణిల కల్తీ సారా తాగి వంద మందికి పైగా పోయిండ్రు. ఆ సారాల ఉన్నది ఈ మిథనాలే. చూస్తే నీళ్ల లాగ ఉంటది, వాసన సారా లాగ ఉంటది. రెండు చెంచాలు లోపలికి పోతే కండ్లు పోవచ్చు, ఇంకొంచెం ఎక్కువైతే ప్రాణమే పోవచ్చు. తాగంగనే ఏమీ కాదు, అదే మోసం. అర్ధ దినం, ఒక దినం గడిచినంక కండ్ల ముందు మంచు కమ్మినట్టు అయితది, కడుపుల నొప్పి, దమ్ము. అప్పటికి ఆలస్యం అయితది. ఎవరైనా మింగితే కక్కించకుండ, బాగనే ఉన్నడు గదా అని ఆగకుండ వెంటనే పెద్ద దవాఖానాకు తీసుకపోవాలె, క్యాను కూడా తీసుకపోయి డాక్టరుకు చూపియ్యాలె. తొందరగ పోతే దీనికి మందు ఉన్నది. 108కి ఫోన్ చెయ్యుండ్రి. మన వాడల సాయంత్రం ఏ సీసా దొరికినా మూత తీసే చేతులు ఎన్ని ఉన్నయో మనకు తెలుసు. దాచిపెట్టి మాట్లాడి లాభం లేదు.

చర్మం నుంచి కూడా ఇది లోపలికి పోతది. పోసేటప్పుడు చేతికి రబ్బరు తొడుగు పెట్టుకోవాలె, మీద పడితే సబ్బుతో కడగాలె.

నేల మీద ఒలికితే ఏ స్విచ్చూ ముట్టొద్దు. గ్యాసు సిలిండరు వాసన వచ్చినప్పుడు ఏం చేస్తమో అదే. వెలుగుతున్న లైటును వెలగనియ్యి, తిరుగుతున్న ఫ్యాను తిరగనియ్యి. తలుపులు, షట్టరు తెరువు, మనుషులను బయటికి పంపు. మెయిన్ ఆ అర్ర బయట ఉంటే అది బంద్ చెయ్యి. లోపల ఉంటే దాని జోలికి పోకు. తర్వాత ఇసుక పోసి, బట్టతో అద్ది, ఆ బట్టను బయట ఆరబెట్టు. చెత్తబుట్టల, వేస్టు నూలు కుప్పల వెయ్యకు.

మంట లేస్తే ఇంకో చిక్కు ఉన్నది. మిథనాల్ మంట పగటి వెలుగుల కండ్లకు సరిగ కనపడదు. పొగ కూడా పెద్దగ రాదు. చెయ్యి పెట్టినంకనే వేడి తెలుస్తది. కరెంటు బోర్డు పక్కన నీళ్లు చల్లితే షాకు కొడతది, కాలే నూనె నీళ్లతో పాటు పక్కకు పారుతది. పొడి మందున్న సిలిండరు దగ్గర ఉండి, మంట చిన్నగ ఉండి, తలుపు నీ వెనక ఉంటేనే దాన్ని వాడు. లేకుంటే సామాను వదిలి బయటికి ఉరుకు. 101కి గాని 112కి గాని ఫోన్ చెయ్యి. నాలుగు సాంచాలు మళ్ల కొనుక్కోవచ్చు. కాలిన చోట ఇరవై నిమిషాలు నల్లా నీళ్లు పారనియ్యాలె. పేస్టు, పసుపు, కొబ్బరినూనె రాయొద్దు.

ఇగ తీసుకపోయే సంగతి. మా వాడు ఆ క్యానును రైల్ల తెచ్చిండు, నిండ మందితో ఉన్న డబ్బాల, మీద సామాను పెట్టే జాగల. ఆ మూత ఆ రాత్రి అక్కడనే వదులై ఉంటే? పక్కన ఫోను ఛార్జింగు పెట్టుకున్న మనిషి ఉంటే? 1989 రైల్వే చట్టం ప్రకారం అంటుకునే సరుకు రైల్ల తీసుకపోతే మూడేండ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నష్టం జరిగితే అది కూడా కట్టాలె. వెయ్యి రూపాయలే గదా అనుకోవద్దు. జైలు కంటే, జరిమానా కంటే ముందు డబ్బాల ఉన్న పిల్లలను తలుచుకోవాలె. బస్సుల కూడా తీసుకపోవద్దు. విమానంల సంచిల గాని, లోడుకు వేసే పెట్టెల గాని తీసుకపోనియ్యరు. కొరియరుల వేరే సరుకు పేరు రాసి పంపుడు అయితే మోసమే.

సొంత బండిల తీసుకపోవాలంటే, ఆ దినానికి ఎంత కావాలో అంతే. క్యాను నిలువుగ, ఒరగకుండ కట్టి, కారు అయితే వెనక డిక్కీల. కిటికీలు కొంచెం తెరిచి ఉంచాలె. బ్యాటరీలు వేరే పెట్టెల, కొసలకు టేపు చుట్టి, వేరే దిక్కు. స్కూటీ సీటు కింద పెట్టొద్దు, కింద ఇంజను వేడి ఉంటది. ఎండల నిలిపిన కారుల వదిలిపోవద్దు. మిథనాల్ 65 డిగ్రీలకే మరుగుతది. మే ఎండల మూసిన కారు లోపల క్యాను ఉబ్బుతది.

మరి మా ఇంట్ల మిగిలిన నూనె ఏం చేసినం? మొదలు నేను పారబొయ్యమన్న, విమానం గూడ పక్కకు పెట్టమన్న. మనవడు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తల వంచుకొని పెట్టె మూసిండు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిల్లుల మాకు ఎవ్వరూ చెప్పలేదు, అందుకే మా సాతీ చెయ్యి పోయింది. చెప్పే మనిషి ఉంటే పని ఆగవలసిన అక్కర ఉండేది కాదు. ఇప్పుడు చెప్పవలసిన ముసలోన్ని నేనే గదా. మోరీల పోస్తే ఆవిరి మోరీ పొడుగూతా పోతది, అది కూడా తప్పే.

పొద్దున వాన్ని లేపి, "ఎట్ల వాడుతవో నా ముందట చూపియ్" అన్న. రెండు ఆదివారాలు ఊరి బయట ఎడారి చెలకల ఎగరేసినం. ఆ విమానం రేడియోతోని కాదు, రెండు సన్న ఉక్కు తీగెలతోని ఎగురుతది. తీగెలు పదిహేను, పదహారు మీటర్లు. కొసలు వాని చేతి పిడిల ఉంటయి, వాడు నడుమ నిలబడి తిరుగుతుంటే విమానం చుట్టూ తిరుగుతది. అది చూసిన వెంటనే నేను ఆకాశం చూసిన. ఉక్కు తీగె కరెంటు తీగెకు తగిలితే పిడి పట్టుకున్నోడు బతకడు. అందుకే స్తంభాలు, లైన్లు లేని చెలక చూసుకున్నం, మబ్బు ఉరుముతుంటే పోలేదు. నూనె పోసేది ఒక దిక్కు, బ్యాటరీ పెట్టేది ఇంకో దిక్కు. ఇంజను చల్లారినంకనే మళ్ల పోసిండు. బీడీ తాగేటోన్ని నేను దూరం కూసుండబెట్టిన.

రెండో ఆదివారం నూనె అయిపోయింది. క్యానును మూత తీసి చెలకలనే గాలికి ఆరబెట్టి తెచ్చినం. ఇగ మీద నూనె కాలేజీ జట్టు దగ్గరనే ఉంటది, ఇంటికి రాదు. విమానం మాత్రం మా అర్రల గోడకు వేలాడుతున్నది. వచ్చినోళ్లందరికీ మా ఇంటామె చూపిస్తున్నది.

ఈ పత్రిక చదివినంక ఒక పని చెయ్యుండ్రి. లేచి కిందికి పోయి మీ స్టార్టరు కింద, మెట్ల కింద, మోటరు పక్కన చూడుండ్రి. ఏ సీసా, ఏ డబ్బా ఉన్నా, దాంట్ల ఏమున్నదో తెలుసుకోండ్రి. తెల్లారి బటను ఒత్తకముందే అది అక్కడ నుంచి పోవాలె.

కండెల మిషన్ల ముచ్చట వచ్చే నెల.